బొమ్మ ఉంది, పేరు లేదు

ఛాయాచిత్రం పోవడం ఒక నష్టం. ఛాయాచిత్రం ఉండి, అందులోని మనుషులెవరో చెప్పే మాట పోవడం మరొక నష్టం. మొదటిది వెంటనే తెలుస్తుంది. రెండవది తెలిసేసరికి ఒక తరం గడిచిపోతుంది. అడుగుదామంటే చెప్పగలవారు ఉండరు. పాత ఫొటో సాఫ్టువేరును వదిలి కొత్తదానికి మారేటప్పుడు మనకు ఎక్కువగా జరిగేది ఈ రెండవ నష్టమే. ఫైళ్ళన్నీ వచ్చాయో లేదో లెక్క చూసుకుంటాం. వాటిని అంటిపెట్టుకొని ఉన్న పేర్లు, తేదీలు, ఊళ్ళు వచ్చాయో లేదో చూసుకోం.

ఇది కంప్యూటర్లతో పుట్టిన చిక్కు అని చాలామంది అభిప్రాయం. చరిత్ర చదివిన కొద్దీ నాకు అలా అనిపించదు. కృష్ణాతీరంలో ఇదే కథ రెండు వందల యేళ్ళ క్రితం రాళ్ళతో, కాగితాలతో ఒకసారి నడిచింది. ముందు దానిని చెప్పి, తరువాత మన కంప్యూటర్లలోని ఫొటోల సంగతికి వస్తాను.

అమరావతి రాళ్ళు, మెకంజీ కాగితాలు

విజయవాడకు ఎగువన, కృష్ణ కుడిగట్టున అమరావతి మహాస్తూపం ఉండేది. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చుకొని, కట్టడాలకు కావలసిన ఇటుకా రాయీ తవ్విస్తున్న కాలంలో ఆ స్తూపం సంగతి బయటి లోకానికి తెలిసింది. కాలిన్ మెకంజీ 1798లో వచ్చి చూసి వెళ్ళాడు. మళ్ళీ 1816లో, ఈసారి చిత్రకారులను వెంటబెట్టుకొని వచ్చాడు. వారు ఆ శిల్పాలను ఒక్కొక్కటిగా కొలిచి గీశారు. ఆ పటాలు ఎనభైకి పైగా ఉన్న సంపుటం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆ పటాలలో నన్ను ఆకర్షించినది గీతల నైపుణ్యం కన్నా వాటి అంచున ఉన్న రాత. చాలా పటాల మీద ఆ రాయి స్తూపంలో ఏ వైపున కనబడిందో, ఎప్పుడు గీశారో, ఎవరు గీశారో రాసి ఉంది. ఆ రాత వేరే దస్తరంలో లేదు. బొమ్మ ఉన్న కాగితం మీదనే ఉంది. అందువలన కాగితం ఏ ఊరు వెళ్ళినా, ఏ సంపుటంలో కుట్టినా, దాని వివరం దానితోనే ప్రయాణం చేసింది.

రాళ్ళకు ఆ భాగ్యం లేకపోయింది. కొన్నింటిని 1830లలో రాబర్ట్‌సన్ అనే అధికారి మచిలీపట్నం తెప్పించి, తాను వేయించిన పేట నడుమ అలంకారంగా నిలబెట్టించాడు. దానికి ‘రాబర్ట్‌సన్ దిబ్బ’ అని పేరు వచ్చింది. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి, దొరికిన శిల్పాలను మద్రాసుకు పంపాడు. అక్కడ అవి చాలాకాలం ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. ఏ రాయి స్తూపంలో ఏ మూల దొరికిందో చెప్పే వివరమైన పట్టిక మిగలలేదు. 1858లో లినియస్ ట్రైప్ మద్రాసులో ఆ శిల్పాలకు ఫొటోలు తీశాడు. మన ప్రాంతపు శిల్పసంపదకు సంబంధించిన తొలి ఛాయాచిత్రాలలో అవి ముఖ్యమైనవి. మరుసటి సంవత్సరం నూటికి పైగా శిల్పాలను ఓడ మీద లండనుకు పంపారు. అక్కడ కొన్నేళ్ళు వాటిని పట్టించుకున్నవారు లేరు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ ఒక గుర్రపుబండ్ల శాలలో వాటిని చూసి గుర్తుపట్టి, ఫొటోలు తీయించి, మరుసటి ఏడు పుస్తకంగా వెలువరించాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి.

అమరావతి నుండి మచిలీపట్నం, మద్రాసు, లండను. లండనులో మళ్ళీ ఒక చోటు నుండి ఇంకొక చోటు. మారిన ప్రతిసారీ రాళ్ళను జాగ్రత్తగా మోసుకెళ్ళినవారు ఉన్నారు. వాటి ‘చిరునామా’ను మోసుకెళ్ళినవారు తక్కువ. తరువాతి పండితులు ఫలానా పలక స్తూపంలో ఎక్కడిది అని తేల్చడానికి మెకంజీ పటాలనూ ట్రైప్ ఫొటోలనూ పక్కపక్కన పెట్టుకొని, పగులు పగులుకూ పోల్చి చూడవలసివచ్చింది. మెకంజీ మనుషులు గీసిన రాళ్ళలో కొన్ని తరువాత కనబడకుండా పోయాయి. వాటికి ఇక ఆ కాగితమే సాక్ష్యం.

రాతి మీద రాయని మాట రాతితో రాలేదు, కాగితం మీద రాసిన మాట కాగితంతో వచ్చింది. ఇక్కడి నుండి చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయానికి వ్యాఖ్యానమే.

ఫొటో లోపల, ఫొటో బయట

డిజిటల్ ఫొటో చూడడానికి ఒకే ఫైలు. నిజానికి అందులో బొమ్మతో పాటు రాతకూ చోటు ఉంది. 1995లో జపాను పరిశ్రమ సంఘం రూపొందించిన ‘ఎక్సిఫ్’ పద్ధతిలో కెమెరా తానే తేదీ, సమయం, కటకం వివరాలు రాస్తుంది. వార్తాసంస్థల కోసం 1990ల మొదట్లో వచ్చిన ‘ఐపీటీసీ’ పద్ధతిలో శీర్షిక, వివరణ, తీసినవారి పేరు రాయవచ్చు. 2001లో అడోబీ సంస్థ ‘ఎక్స్‌ఎంపీ’ అనే మూడవ పద్ధతి తెచ్చింది. ఈ మూడూ ఫైలు లోపలివే. మెకంజీ కాగితపు అంచు రాత వంటివి.

అయితే ఫొటోలను సర్దిపెట్టే సాఫ్టువేర్లు చాలావరకు తమ రాతను ఇక్కడ రాయవు. తమ సొంత డేటాబేసులో రాసుకుంటాయి. అందుకు కారణం లేకపోలేదు. వేల ఫొటోలలో వెతకాలంటే డేటాబేసు వేగం. పైగా అసలు ఫైలును ముట్టుకోకపోవడం ఒక రకంగా మంచి నియమం. కాని ఆ సాఫ్టువేరు ఆగిపోయిన నాడు డేటాబేసును చదివేవారు ఉండరు. పుస్తకాలను కొత్త గ్రంథాలయానికి తరలించి, పట్టికల బీరువాను పాత భవనంలో వదిలేసినట్లు అవుతుంది.

మన ఇళ్ళలో ఎక్కువగా వాడిన పికాసా కథే చూడండి. 2002లో వచ్చింది. 2004లో గూగులు కొనుక్కొని ఉచితంగా పంచింది. 2009లో ముఖాలను గుర్తించి పేర్లు తగిలించే సదుపాయం చేర్చింది. ఆ కాలంలో పెళ్ళి ఫొటోలు ముందు వేసుకొని ముఖం ముఖానికీ పేరు టైపు చేసినవారు నాకు తెలిసినవాళ్ళలోనే చాలామంది. పికాసాలో జేపెగ్ ఫొటో కింద రాసిన వ్యాఖ్య ఫైలు లోపలికే చేరేది. ముఖానికి తగిలించిన పేరు మాత్రం అలా కాదు. ముఖం ఎక్కడ ఉన్నదీ, దానికి ఇచ్చిన గుర్తు సంఖ్యా ప్రతి ఫోల్డరులో దాగి ఉన్న ఒక చిన్న ఫైలులో ఉండేవి. ఏ సంఖ్య ఎవరిదో చెప్పే అసలు పట్టిక వేరొక చోట ఉండేది. పేర్లను ఫొటోలోనే రాయించే ఏర్పాటు తరువాతి రూపాలలో వచ్చింది కాని, అది మనం వెతికి ఎంచుకోవలసినది. 2016 ఫిబ్రవరిలో పికాసాను ఆపేస్తున్నట్లు గూగులు ప్రకటించింది. మార్చి మధ్యకు కంప్యూటరు సాఫ్టువేరుకు మద్దతు ఆగిపోయింది.

ఇది ఒక్క సంస్థ తీరు అనుకోవద్దు. యాపిల్ 2002లో తెచ్చిన ఐఫొటోనూ, 2005లో తెచ్చిన అపెర్చరునూ పక్కన పెట్టి 2015 ఏప్రిల్‌లో ‘ఫొటోస్’ను ఇచ్చింది. ఆ మార్పులో ఫొటోలకు ఇచ్చుకున్న నక్షత్రాలు మామూలు సూచక పదాలుగా మారిపోయాయి. మైక్రోసాఫ్టు వారి ఫొటో గ్యాలరీ 2017 జనవరి 10తో ముగిసింది. గూగులు ఫొటోస్ 2015 మే నెలలో మొదలై, ఉచితంగా ఎన్నైనా దాచుకోండి అన్న మాటను 2021 జూన్ 1 నుండి ఉపసంహరించుకొంది. అందులో మనం రాసిన వివరణలు బయటికి తెచ్చుకున్నప్పుడు ఫొటోలో ఉండవు. పక్కన వచ్చే మరొక చిన్న ఫైలులో ఉంటాయి. ఆ రెంటినీ మళ్ళీ జతపరచే పని మనదే. పదిహేనేళ్ళకు మించి ఒకే సాఫ్టువేరులో ఫొటోలు ఉంచుకోగలిగిన కుటుంబం అరుదు. ఫొటోల ఆయువు నూరేళ్ళు కావాలనుకుంటే ఇటువంటి తరలింపులు ఆరేడైనా తప్పవు.

తెలుగులో రాసిన పేర్లకు మరొక గండం

ఇంగ్లీషులో పేర్లు రాసుకున్నవారికి లేని కష్టం తెలుగులో రాసుకున్నవారికి ఉంది. యూనికోడులో తెలుగుకు 1991 నుండే స్థానం ఉన్నా, మామూలు ఇళ్ళలోని కంప్యూటర్లలో తెలుగు సరిగా కనబడడం 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తరువాతి మాట. అంతకుముందూ, ఆ తరువాత చాలాకాలమూ మన స్టూడియోలు, అచ్చాఫీసులు అను వంటి ఖతులతో పనిచేశాయి. ఆ ఖతులలో తెలుగు అక్షరం కేవలం వేషం. వేషం కింద ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఆ పద్ధతిలో రాసిన ఫొటో వివరణను కొత్త సాఫ్టువేరులోకి తెస్తే వేషం ఊడిపోయి అర్థంలేని గుర్తుల వరుస మిగులుతుంది. దానిని యూనికోడులోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి కనుక ఆ రాతను చెత్త అని తుడిచివేయరాదు. అది తెలుగే, తాళంచెవి వేరు, అంతే.

ఐపీటీసీ పాత పద్ధతిలో ఇంకొక ఇరుకు ఉంది. అందులో ఒక్కొక్క గదికి అక్షరాలలో కాక బైట్లలో కొలత పెట్టారు. సూచక పదానికి 64 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూనికోడు తెలుగులో అక్షరానికీ గుణింతపు గుర్తుకూ పొల్లుకూ వేరువేరుగా మూడేసి బైట్లు కావాలి. ‘విజయవాడ ప్రకాశం బ్యారేజి’ అన్న మూడు మాటలకు లెక్క కట్టి చూశాను: 68 బైట్లు. ఆ గదిలో పట్టదు. నియమం కచ్చితంగా పాటించే సాఫ్టువేరు చివరి అక్షరాన్ని మధ్యకు తెంచుతుంది. పైగా ఆ రాత ఏ లిపి సంకేతంలో ఉందో చెప్పే సూచనను కొన్ని సాఫ్టువేర్లు రాయవు, కొన్ని చదవవు. అప్పుడు కనబడేవి వరుసగా ప్రశ్నార్థకాలు. ఎక్స్‌ఎంపీకి ఈ ఇబ్బంది లేదు. అది పుట్టుకతోనే యూనికోడు. తెలుగులో పేర్లు రాసుకొనేవారు తమ సాఫ్టువేరు ఎక్స్‌ఎంపీలో రాస్తున్నదా లేదా అన్నది ముందుగా చూసుకోవాలి.

ఎప్పుడు? ఎక్కడ?

పేరు తరువాత పోయేది కాలం. ఆల్బములోని పాత ఫొటోను స్కాను చేస్తే, కంప్యూటరుకు తెలిసిన తేదీ స్కాను చేసిన రోజే. 1955 నాటి పెళ్ళి 2008లో జరిగినట్లు కొత్త సాఫ్టువేరు వరుస పేరుస్తుంది. అమెరికా నుండి వచ్చిన పిల్లల కెమెరా కాలిఫోర్నియా సమయంలోనే ఉంటే, శ్రావణంలో విజయవాడలో ఉదయం పదిన్నరకు పడిన మంగళసూత్రం ముందురోజు రాత్రి పది గంటలకు పడినట్లు నమోదవుతుంది. రెండు కెమెరాల ఫొటోలు కలిపితే తలంబ్రాలు ముందు, స్నాతకం తరువాత అవుతుంది. ఏ దేశపు సమయమో చెప్పే గది ఎక్సిఫ్‌లో 2016 దాకా లేదు.

మన పెద్దలు కాలాన్ని సంవత్సరాలతో చెప్పరు. ‘ఉప్పెనకు ముందు ఏడు’ అంటారు. దివిసీమలో ఆ మాటకు ఒకటే అర్థం, 1977 నవంబరు. ‘పుష్కరాలలో తీసింది’ అంటారు. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లలో వచ్చాయి. ఘాటు మెట్ల మీద తడిబట్టలతో నలుగురు ఆడవాళ్ళు, వెనుక బ్యారేజి. ఏ పుష్కరం? బ్యారేజి నాలుగుసార్లూ అలాగే ఉంది. చంటిపిల్ల ఎవరి చంకన ఉన్నదో తెలిసినవారు మాత్రమే ఆ ఫొటోకు సంవత్సరం చెప్పగలరు.

ఊరి సంగతి మరీ చిత్రం. ఒకే ఊరు పాత ఫొటోల వెనుక బెజవాడ, కొత్తవాటిలో విజయవాడ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమయింది, కైకలూరు ఏలూరు జిల్లాలో చేరింది, కృష్ణా జిల్లా పేరు మచిలీపట్నం వైపున మిగిలింది. ‘కృష్ణా జిల్లా’ అన్న ఫోల్డరులోని కైకలూరు ఫొటోలను ఇరవై యేళ్ళ తరువాత చూసేవారు పొరపాటుగా పెట్టారనుకుంటారు. కనుక జిల్లా పేరు కన్నా ఊరి పేరు, వాడ పేరు రాయడం మేలు. కట్టడాలకూ ఇదే మాట. కెప్టెన్ ఓర్ ఆధ్వర్యంలో 1855కు పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగింది. దాని బదులు ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చింది. ఆ పాత ఆనకట్ట ఇప్పుడు ఫొటోలలోనే చూడవలసినది. ఆ ఫొటో కింద మాట లేకపోతే అది బెజవాడో ధవళేశ్వరమో చెప్పడం ఆ రెండూ తెలిసినవారికే సాధ్యం.

తరలింపు ఎలా?

ఇంత చెప్పిన తరువాత, మా ఇంటి ఫొటోలను ఒక సాఫ్టువేరు నుండి మరొకదానికి మార్చినప్పుడు నేను పాటించిన క్రమం చెబుతాను. ఇందులో నా సొంత ప్రతిభ ఏమీ లేదు. అమరావతి కథ చదివితే ఎవరికైనా తోచేదే.

మొదట, పాత సాఫ్టువేరు పనిచేస్తూ ఉండగానే మొదలుపెట్టాను. అది కంప్యూటరులో తెరుచుకొనే చివరి రోజు దాకా ఆగితే, లోపలి రాతను బయటికి తీయగలిగిన ఏకైక సాధనాన్ని పోగొట్టుకుంటాం. రెండవది, మొత్తం ఫోల్డర్లను, దాగి ఉన్న చిన్న ఫైళ్ళతో సహా, వేరే డిస్కులోకి ప్రతి తీసి దానిని ముట్టుకోకుండా పెట్టాను. తెలియని ఫైలు ఏదైనా కనబడితే తీసివేయలేదు. మూడవది, ‘పేర్లను ఫైలులో రాయి’ అన్న అర్థం వచ్చే ఎంపిక ఎక్కడ ఉన్నదో వెతికి, దానిని ప్రతిలో నడిపించాను. నాలుగవది, అన్నింటినీ ఒక్కసారి తరలించకుండా పది ఫొటోలు ఎంచాను: తెలుగు వివరణ ఉన్నది ఒకటి, పదిమంది ముఖాలకు పేర్లున్నది ఒకటి, స్కాను చేసినది ఒకటి, దిద్దినది ఒకటి, ఇలా. ఆ పదింటినీ కొత్త సాఫ్టువేరులోనే కాక, దానితో సంబంధం లేని మూడవ సాఫ్టువేరులోనూ తెరిచి చూశాను. అక్కడ కూడా తెలుగు పేరు కనబడితే ఆ మాట నిజంగా ఫొటోలో ఉన్నట్లు. నేను వాడిన మూడవది డిజికామ్; స్వేచ్ఛా సాఫ్టువేరు, ఉచితం.

ఐదవది, ఎంత పాతకాలపు పద్ధతి అనిపించినా, ముఖ్యమైన రెండు వందల ఫొటోలకు ఒక మామూలు పట్టిక కూడా రాశాను. ఫైలు పేరు, ఎడమ నుండి కుడికి ఎవరెవరు, ఎవరు చెప్పారు. కాగితం మీద ఒక ప్రతి అచ్చు వేసి ఉంచాను. ‘ఎవరు చెప్పారు’ అన్న గడి ముఖ్యం. అవనిగడ్డలో తీసిన ఒక గుంపు ఫొటోలో మా పెద్దమ్మ పదకొండు మందిని పేరుతో, వరుసతో చెప్పింది. చివరి వరుసలో నిలబడిన పన్నెండవ ఆయనను చూసి, “చుట్టం కాదురా, మంచివాడు. పేరు నోటిదాకా వస్తోంది” అంది. తరువాత రెండేళ్ళకు పెద్దమ్మ పోయింది. ఆ పదకొండు పేర్లూ ఇప్పటికి రెండు సాఫ్టువేర్లు దాటి వచ్చాయి. పన్నెండవ ఆయన దగ్గర పట్టికలో ఆమె అన్న మాటే రాసి ఉంది. ఆయన పేరు ఇక ఏ యంత్రమూ చెప్పలేదు. ముఖాలను గుర్తించే విద్య ఎంత పెరిగినా, ఈ ముఖమూ ఆ ముఖమూ ఒకరివే అని చెప్పగలదు. ఆయనెవరో చెప్పాలంటే ముందు ఒక మనిషి చెప్పి ఉండాలి.

ఇప్పుడే ఎందుకు?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గండ్లు పడి విజయవాడలో సింగ్ నగరు, చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. 2009 అక్టోబరులోనూ అంతటి వరదే వచ్చింది. బీరువా అడుగున పెట్టిన ఆల్బములు అటువంటప్పుడు ముందుగా పోతాయి. అట్టలు ఉబ్బి, పుటలు ఒకదానికొకటి అంటుకొని, విడదీస్తే ముఖం ఊడి వస్తుంది. ఎవరి ఫోనులోనో, ఎవరి కంప్యూటరులోనో ఆ ఫొటో నకలు ఉంటే బొమ్మ దక్కుతుంది. ఫొటో వెనుక సిరాతో రాసిన పేరును మాత్రం ఆ నకలు తీసినవారు తీసి ఉండరు. ఎప్పుడూ ముందు వైపే స్కాను చేస్తాం. అందుకే స్కాను చేసే ప్రతి ఫొటో వెనుక వైపునూ తీయమని నా మనవి.

మరో పుష్కరం 2028లో రానున్నది. ఆ పన్నెండు రోజులలో ఘాట్ల మీద తీయబోయే ఫొటోలు అంతకుముందు పుష్కరాలన్నింటిలో తీసినవాటిని మించుతాయనడంలో నాకు సందేహం లేదు. అవన్నీ తేదీతో, అక్షాంశ రేఖాంశాలతో పుడతాయి. వాటికి పెద్ద భయం లేదు. భయమంతా 1980కి ముందువాటికి, వాటిలోని ముఖాలను చూసి పేరు చెప్పగల ఎనభై యేళ్ళవారికి. కొత్త సాఫ్టువేరు ఏది మంచిదన్న చర్చ ఆరు నెలలు ఆగవచ్చు. మీ ఇంట్లో అటువంటి పెద్దవారు ఉంటే ఈ ఆదివారం మధ్యాహ్నం ఆల్బము తీసుకొని వెళ్ళి పక్కన కూర్చోండి. వారు చెప్పిన పేరును ఫొటోలోనే రాయండి.